చక్రం ఎంత కదలాలి, చెయ్యి ఎక్కడ ఆగాలి

దక్షిణ కాలిఫోర్నియాలో పాత ఫోర్డ్ రేంజర్ పికప్ చేతికొచ్చిన కుర్రాళ్లలో చాలామందికి ఒకటే కోరిక. దాని ముందు సస్పెన్షన్‌ని సొంత గ్యారేజీలోనే కోసి, తిప్పి, వెల్డ్ చేసి, ఎడారి గతుకుల మీద రేసు ట్రక్కులా పరుగెత్తించాలి. ఇలా చక్రం పైకీ కిందికీ మామూలు కన్నా చాలా ఎక్కువ దూరం కదిలేలా చేసిన అమరికను లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ అంటారు. తయారైన కిట్లు బజార్లో ఉన్నాయి. కానీ వాటి ఖరీదు వేల డాలర్లలో ఉంటుంది, పైగా అన్ని బండ్లకూ దొరకవు. అందుకే పైపులూ ప్లేట్లూ కొని ఇంట్లోనే పని మొదలుపెట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఈ పని చేయవచ్చా, కూడదా అన్న వాదన కూడా అంతే పాతది. ఈ ఆట పుట్టిందే గ్యారేజీల్లో, చేతనైనవాణ్ని ఆపితే దాని వేరు నరికినట్టే అంటుంది ఒక పక్షం. చక్రాన్ని బండికి పట్టి ఉంచే భాగాన్ని ఇంట్లో అతకడం ప్రాణాలతో చెలగాటం అంటుంది రెండో పక్షం. యంత్రాన్ని తన చేత్తో చేసుకునే మనిషంటే నాకు చాలా గౌరవం. ఆ గౌరవం ఉండబట్టే రెండో పక్షం మాటను తీసిపారేయలేను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి నిజం బండిలో ఏ భాగానికి వర్తిస్తుందో తేల్చుకోవాలి.

ఆ అంగుళాలు ఎందుకు

చక్రం పూర్తిగా కిందికి వేలాడిన చోటు నుంచి పూర్తిగా పైకి నొక్కుకున్న చోటు దాకా నిలువునా ఎంత కదులుతుందో అదే దాని ట్రావెల్. మామూలు పికప్ ట్రక్కు ముందు చక్రానికి అది ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. కిట్లు దాన్ని 12 నుంచి 14 అంగుళాల దాకా తీసుకెళ్తాయి. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా రేసుల్లో పరుగెత్తే ట్రోఫీ ట్రక్కులకైతే ముందు రెండడుగులకు, వెనక రెండున్నర అడుగులకు అటూ ఇటూ ఉంటుంది.

ఈ అంగుళాలు గొప్ప చెప్పుకోవడానికి పెంచేవి కావు. బండి గాల్లోకి లేచి అర మీటరు ఎత్తు నుంచి చక్రాల మీద పడిందనుకుందాం. చక్రం నేలను తాకాక బండి పూర్తిగా నిలబడటానికి 20 సెంటీమీటర్ల దూరమే దొరికితే, ఆ దూరమంతా సస్పెన్షన్ సగటున బండి బరువుకు మూడున్నర రెట్ల బలంతో దాన్ని నిలవరించాలి. 33 సెంటీమీటర్లు దొరికితే రెండున్నర రెట్లు చాలు. తేడా అంతా ఛాసిస్ మీద, డ్రైవర్ వెన్నుపూస మీద పడకుండా తప్పిన దెబ్బే. ఎడారి బాటల్లో వరసగా వచ్చే మట్టి అలలను అక్కడివాళ్లు వూప్స్ అంటారు. వాటి మీద వేగంగా వెళ్లే బండికి చక్రం కిందికి చేరి నేలను మళ్లీ పట్టుకోగలగడం సుఖానికి సంబంధించిన విషయం కాదు. నేలను తాకని చక్రం బ్రేకు వేయలేదు, బండిని తిప్పలేదు. చక్కగా చేసిన లాంగ్ ట్రావెల్ బండి ఆ నేల మీద మామూలు బండికన్నా క్షేమమైనది. సొంతంగా చేసుకునేవాళ్ల పక్షాన మొదట ఒప్పుకోవాల్సిన మాట ఇది.

చరిత్ర కూడా వాళ్ల వైపే ఉంది. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో బ్రూస్ మేయర్స్ 1964లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాల మీద ఫైబర్‌గ్లాస్ బాడీ అమర్చి మేయర్స్ మాంక్స్ అనే బగ్గీ చేశాడు. 1967 ఏప్రిల్‌లో ఆయన, టెడ్ మాంగెల్స్ కలిసి లా పాజ్ నుంచి తిహువానా దాకా 34 గంటల 45 నిమిషాల్లో వచ్చి, అంతకుముందు మోటారు సైకిళ్ల పేరున ఉన్న రికార్డును చెరిపేశారు. ఆ ఏడాది చివర్లో జరిగిన తొలి మెక్సికన్ 1000 రేసును, అంటే నేటి బాహా 1000ను, గెలిచింది కూడా మాంక్స్ బగ్గీయే. విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ దాన్ని 27 గంటల 38 నిమిషాల్లో గమ్యం చేర్చారు. పెద్ద కంపెనీల డిజైన్ శాఖలు ఎడారి వైపు చూడక ముందే చిన్న షెడ్లలో చేతిపనివాళ్లు దారి వేశారు. ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 రాప్టర్ పేరుతో ఎడారి కోసమే ట్రక్కును షోరూముకు తెచ్చింది 2010 మోడల్‌తో. 2017 రాప్టర్‌లో ముందు చక్రానికి 13 అంగుళాలు, వెనక 13.9 అంగుళాల ట్రావెల్ ఉంది. ఒకనాడు గ్యారేజీలో వెల్డ్ చేసుకోవాల్సింది ఇవాళ వారంటీతో దొరుకుతోంది.

ఈ చివరి వాక్యాన్ని రెండు పక్షాలూ వాడుకోవచ్చు. చేతిపనివాళ్లు లేకపోతే కంపెనీలకు ఈ ఆలోచనే వచ్చేది కాదని ఒకరంటారు. కంపెనీయే చేసి అమ్ముతున్నప్పుడు ఇంట్లో చేయడం ఎందుకని ఇంకొకరంటారు. రెండో ప్రశ్నకు జవాబు డబ్బులో ఉంది, డబ్బుకు మించిన దానిలోనూ ఉంది.

కొలిచినవాడికి దక్కేది

రేంజర్ ఉదాహరణే తీసుకుందాం. ఫోర్డ్ 1965లో తన ఎఫ్-సిరీస్ ట్రక్కులకు ట్విన్ ఐ-బీమ్ అనే ముందు సస్పెన్షన్‌ను తెచ్చింది. ఎడమ చక్రాన్ని మోసే బీమ్ ఛాసిస్ కుడివైపున, కుడి చక్రం బీమ్ ఎడమవైపున తగిలి ఉంటాయి. అంటే ఒక్కొక్కటి బండి వెడల్పులో చాలా మేరకు పొడవుంటుంది. పొడవాటి చెయ్యి కొద్ది కోణం తిరిగితేనే చివరన చక్రం చాలా ఎత్తు కదులుతుంది. 1983 నుంచి 1997 మోడల్ దాకా రేంజర్లన్నీ ఈ కుదురువే. పాతవి చవగ్గా దొరుకుతాయి, భాగాలు తక్కువ, అమరిక కంటికి కనిపిస్తుంది. ఎడారి కుర్రాళ్లు వాటిని పట్టుకోవడానికి కారణం అదే.

చిక్కల్లా ఒకటి. పొడుగు స్ప్రింగులు వేసి బండిని పైకి లేపితే బీమ్‌లు కిందికి వాలి, రెండు చక్రాల పైభాగాలూ బయటికి ఒరుగుతాయి. అప్పుడు బీమ్‌ను ఒకచోట కోసి, తగినంత తిప్పి, మళ్లీ వెల్డ్ చేసి, చుట్టూ ప్లేట్లతో బలం కడతారు. కొత్త ఎత్తులో చక్రం నిటారుగా నిలుస్తుంది. బీమ్‌ను ముందూ వెనకా కదలకుండా పట్టే రేడియస్ ఆర్మ్‌లను పొడిగించి ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వేస్తారు. స్టీరింగ్ కడ్డీలను కూడా కొత్త కదలికకు సరిపడేలా మారుస్తారు.

వెల్డింగ్ కన్నా ముందు జరిగే పని ఒకటుంది. నిజమైన చేతిపనివాణ్ని గుర్తుపట్టాలంటే అక్కడే చూడాలి. స్ప్రింగు తీసేసి, చక్రం కింద జాకీ పెట్టి, పూర్తిగా వేలాడిన చోటు నుంచి ఒక్కో అంగుళం పైకి లేపుతూ పోతాడు. ప్రతి అంగుళం దగ్గరా ఆగి, చక్రం ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య తేడా కొలుస్తాడు, ఒరుగు కొలుస్తాడు, ఫెండర్ రేకుకూ టైరుకూ మధ్య వేళ్లు పెట్టి చూస్తాడు. కింది చివరన బ్రేకు గొట్టం బిగుసుకుపోతోందా, పై చివరన టైరు స్టీరింగ్ కడ్డీని రాస్తోందా అని టార్చి వేసి వెతుకుతాడు. అంకెలన్నీ ఒక ప్లేటు మీద మార్కర్‌తో రాసుకుంటాడు. స్టీరింగ్ తిప్పకపోయినా గుంతలో దిగిన చక్రం తనంతట తాను పక్కకు తిరిగితే దాన్ని బంప్ స్టీర్ అంటారు. చక్రాన్ని మోసే చెయ్యి గీసే వంపూ, స్టీరింగ్ కడ్డీ గీసే వంపూ ఒకదానితో ఒకటి కలవకపోతే వచ్చే జబ్బు అది. వేగంలో అది డ్రైవర్ చేతిలోంచి బండిని లాగేస్తుంది. రెండు చక్రాలకూ ఈ కొలత చివరిదాకా చేసేవాడికి బండి ఎందుకు ఎటు పోతుందో తెలిసిపోతుంది. కిట్ కొని బిగించినవాడికి ఆ పని తప్పదని చెప్పేవాళ్లు తక్కువ.

లెక్క కూడా అంతే నేర్పుతుంది. షాక్ అబ్జార్బర్‌ను, దాని మీది కాయిల్ స్ప్రింగును, చక్రాన్ని మోసే కంట్రోల్ ఆర్మ్ పొడవులో 60 శాతం దగ్గర బిగించామనుకోండి. 8 అంగుళాలు కదిలే షాక్ చక్రానికి 13 అంగుళాలకు పైగా ట్రావెల్ ఇస్తుంది. లాభమే. కానీ అంగుళం నొక్కడానికి 600 పౌండ్ల బలం కావాల్సిన స్ప్రింగు చక్రం దగ్గరికొచ్చేసరికి 216 పౌండ్ల స్ప్రింగులా పనిచేస్తుంది. బలంలో ఒకసారి, దూరంలో ఒకసారి ఆ 60 శాతాన్ని లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి. అదే మౌంటును ఇంకొంచెం లోపలికి, 50 శాతానికి జరిపితే 150 పౌండ్లే మిగులుతాయి. బ్రాకెట్ కొద్దిగా జరిపినందుకు స్ప్రింగు బలంలో సుమారు 30 శాతం పోయింది. ఈ లెక్క ఒకసారి సొంత బండి మీద చేసినవాడు ఇక సస్పెన్షన్‌ను పాత కళ్లతో చూడడు.

ఇంకో లాభం ఎడారిలో తెలుస్తుంది. తారు రోడ్డుకు వంద కిలోమీటర్ల అవతల, సెల్‌ఫోన్ సిగ్నల్ లేని చోట ఏదైనా విరిగితే, తన చేత్తో చేసినవాడికి ప్రతి బోల్టు కొలతా తెలుసు. ఏ ముక్క లేకుండా నెమ్మదిగా ఇల్లు చేరవచ్చో, ఏది లేకపోతే అక్కడే ఆగిపోవాలో తెలుసు. ఈ తెలివి ఏ పెట్టెలోనూ ప్యాక్ చేసి రాదు.

డబ్బు ఆదా అన్న వాదన మాత్రం నాకు బలహీనంగా కనిపిస్తుంది. ఇనుము చవకే. కానీ మంచి వెల్డింగ్ మిషన్, పైపులు వంచే బెండర్, పైపు చివర్లను వంపుగా కోసే నాచర్, రెండోసారి చేసిన భాగాలు, మూడోసారి కొన్న షాకులు అన్నీ కలిపితే కిట్ ధర దగ్గరికే చేరడం సాధారణం. ఇంట్లో చేయడానికి డబ్బే కారణమైతే ఆ కారణం చాలదు. నేర్చుకోవాలన్న ఆశ కారణమైతే చాలు.

కంటికి కనిపించనిది

ఇప్పుడు రెండో పక్షం. వాళ్ల వాదనలో అన్నిటికన్నా బరువైనది వెల్డు గురించి. వెల్డు పైన గీత అందంగా, చేపపొలుసుల్లా వరసగా ఉండవచ్చు. లోపల కరిగిన లోహం ఎంత లోతు దిగిందో ఆ అందం చెప్పదు. మిగ్ వెల్డింగ్ మిషన్‌తో మందపాటి ప్లేటు మీద తక్కువ వేడిలో వేసిన వెల్డు పైపైన కూర్చుంటుంది, లోపల అతుకు సరిగా పడదు. వేడి మరీ ఎక్కువైతే వెల్డు పక్కన ఉన్న ఉక్కు గుణమే మారిపోతుంది. రేసు బండ్లలో వాడే 4130 క్రోమోలీ పైపు మామూలు పైపుకన్నా బలమైనదే, కానీ దాన్ని ఎలా వెల్డ్ చేయాలో తెలియనివాడి చేతిలో ఆ బలమే పగుళ్లకు దారి తీస్తుంది. ట్విన్ ఐ-బీమ్ లాంటి కంపెనీ భాగాన్ని కోసేటప్పుడైతే అది ఏ రకం ఉక్కో కూడా చాలామందికి తెలియదు. గ్యారేజీలో చేయగలిగిన రంగు పరీక్ష, అంటే ఎర్ర ద్రవం పూసి తుడిచి పగుళ్లను వెతకడం, పైకి తెరుచుకున్న పగులునే చూపిస్తుంది. లోపలి లోపాన్ని చూపించదు.

పైగా సస్పెన్షన్ భాగాలు సాధారణంగా ఒక్క దెబ్బకు విరగవు. అలసిపోయి విరుగుతాయి. వేలసార్లు వంగీ లేచీ, వెల్డు అంచున ఎక్కడో ఒక సన్నని పగులు మొదలై, ప్రతి గుంతకూ కాస్త పెరిగి, ఒక రోజు మామూలు గుంతలో తెగిపోతాయి. పరీక్షకు తీసుకెళ్లి పది దూకుళ్లు దూకించి బాగుందని తేల్చుకోవడం అందుకే చాలదు. పెద్ద కంపెనీ భాగాన్ని అమ్మే ముందు మిషన్ల మీద లక్షలసార్లు ఊపి చూస్తుంది. ఇంట్లో చేసినదానికి ఆ పరీక్షశాల రోడ్డే, పరీక్షించేవాడు డ్రైవరే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట కలపాలి. కొన్న కిట్లన్నీ ఆ స్థాయి పరీక్ష దాటినవి కావు. వాటిని చేసేవి చాలావరకు చిన్న షాపులే. బిగించేవాడు బోల్టు సరిగా బిగించకపోతే ఎంత మంచి కిట్టయినా అంతే. అయినా ఆ షాపు ఒకే భాగాన్ని ఎన్నో బండ్లకు అమ్మి ఉంటుంది. ఎక్కడ విరుగుతుందో కస్టమర్ల ద్వారా తెలుసుకుని దిద్దుకుని ఉంటుంది. ఇంట్లో చేసే మనిషికి తన ఒక్క బండే నమూనా.

రెండో అభ్యంతరం, ఒకటి మారిస్తే ఇంకెన్నో మారతాయన్నది. ఒక్కో ముందు చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టే డబుల్ విష్‌బోన్ బండిలో, అంటే టొయోటా టకోమా లాంటివాటిలో, 14 అంగుళాల ఆర్మ్‌తో చక్రం ఆరంగుళాలు పైకీ ఆరంగుళాలు కిందికీ కదలాలంటే ఆర్మ్ అటూ ఇటూ 25 డిగ్రీలు వంగాలి. ఆర్మ్‌ను మూడున్నర అంగుళాలు పొడిగిస్తే 20 డిగ్రీలు చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు చక్రాలకు శక్తినిచ్చే సీవీ జాయింట్లు పెద్ద కోణాలను తట్టుకోలేవు కనుక ఈ పొడిగింపు తప్పదు. కానీ పొడవు పెరగ్గానే చక్రం ఫెండర్ బయటికి వచ్చింది. యాక్సిల్ షాఫ్టు పొడుగుది కావాలి, స్టీరింగ్ కడ్డీ పొడుగుది కావాలి, బ్రేకు గొట్టం పొడుగుది కావాలి. చక్రం దూరమైన కొద్దీ రాయి తగిలినప్పుడు ఛాసిస్ మీది బ్రాకెట్లను వెనక్కి లాగే బలం పెరుగుతుంది. వెనక ట్రావెల్ పెంచితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు మారతాయి, అది జారే పొడవు సరిపోకపోవచ్చు. చక్రం కిందికి వేలాడటాన్ని ఆపాల్సింది షాక్ కాదు, లిమిట్ స్ట్రాప్. పైకి నొక్కుకోవడాన్ని ఆపాల్సింది కూడా షాక్ కాదు, బంప్ స్టాప్. ఈ రెండూ లేకుండా ఖరీదైన షాకులు మాత్రం వేసుకున్న బండ్లలో షాక్ మౌంట్లు చీలిపోతాయి. ఒక భాగం గొప్పగా చేసి పక్క భాగాన్ని మరిచిపోవడం ఇంటి పనుల్లో తరచూ కనిపించే లోపం.

మూడోది నిర్వహణ. రబ్బరు బుష్‌ల స్థానంలో వేసే హీమ్ జాయింట్లు, బాల్ జాయింట్ల స్థానంలో వేసే యూనిబాల్‌లు ఎక్కువ కోణం తిరుగుతాయి, కానీ దుమ్ముకూ నీటికీ త్వరగా అరుగుతాయి. రేసు జట్లు ప్రతి రేసు తర్వాత బండిని విప్పి పగుళ్లు వెతుకుతాయి, కొన్ని భాగాలను బాగున్నా కాలం తీరిందని పక్కన పడేస్తాయి. వాళ్ల డిజైన్‌ను అనుకరించేవాళ్లు ఈ అలవాటును అంత శ్రద్ధగా అనుకరించరు. లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ ఒకసారి చేసి వదిలేసే వస్తువు కాదు. ఆ బండి ఉన్నంతకాలం మోయాల్సిన బాధ్యత.

నాలుగోది ఇతరుల ప్రాణం. ఎడారిలో నా ప్రాణం నా ఇష్టం అనేవాళ్లున్నారు. ఎడారి కూడా నిర్మానుష్యం కాదు. 2010 ఆగస్టులో మొజావీ ఎడారిలో జరిగిన కాలిఫోర్నియా 200 రేసులో ఒక ట్రక్కు ప్రేక్షకుల మీదికి దొర్లి ఎనిమిది మంది చనిపోయారు. అది ఇంట్లో చేసిన సస్పెన్షన్ వల్ల జరిగిందని నేననడం లేదు. అదుపు తప్పిన బండికి దగ్గర్లో ఎవరో ఒకరు ఉంటారని మాత్రమే అంటున్నాను. ఇక అదే బండి సోమవారం ఆఫీసుకు ఫ్రీవే మీద వెళ్తే, పక్క లేన్‌లో పిల్లలను కూర్చోబెట్టుకుని పోతున్న తల్లి ఈ ప్రయోగానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మన నేల మీద

ఇది అమెరికా ఎడారుల గొడవ, మనకేమిటి అనుకోనక్కర్లేదు. మెకానికల్ చదివే తెలుగు విద్యార్థులకు ఇది నేరుగా తగిలే విషయం. అమెరికాలో 1976లో సౌత్ కెరొలైనా విశ్వవిద్యాలయంలో మొదలైన, విద్యార్థులే బండి చేసి పోటీపడే బాహా ఎస్‌ఏఈకి మన దేశపు రూపం బాహా ఎస్‌ఏఈ ఇండియా. అది 2007లో ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో మొదలైంది. ఆంధ్ర, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల జట్లు కూడా ఒక్క సీటు బగ్గీలు చేసుకుని వెళ్తుంటాయి. ఇంజిన్ అందరికీ ఒకటే. సస్పెన్షన్ ఎవరిది వాళ్లదే. అక్కడ ముందు టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. ఈ మందం ఎందుకు, ఈ కోణం ఎందుకు అని అడిగే న్యాయనిర్ణేతలుంటారు. చివర్లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు ఉంటుంది. అందులో ఆర్మ్ విరిగి ఆగిపోయినా విద్యార్థి హెల్మెట్‌తో, రోల్ కేజ్ లోపల, మూసిన ట్రాక్ మీద ఆగిపోతాడు. చేతిపనికి కావాల్సిన స్వేచ్ఛ, దానికి పక్కన ఉండాల్సిన పరీక్ష రెండూ ఒకే చోట ఉన్న ఏర్పాటు ఇది. వాదిస్తున్న రెండు పక్షాలూ చూడదగ్గది.

రోడ్డు మీది బండి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి భిన్నంగా బండిని యజమాని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆఫ్ రోడ్ బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది కఠినంగా అనిపిస్తుంది. మంచి చేతిపనినీ చెత్త పనినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదన్న వాదనలో బలం ఉంది. పరీక్షించి అనుమతిచ్చే మార్గం ఉంటే బాగుంటుందని నేనూ కోరుకుంటాను. కానీ అలాంటి పరీక్ష లేనంత వరకు ప్రజల రోడ్డు మీద నిషేధమే సరైనదని ఒప్పుకోవాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. మనం తొక్కే నేలకు అసలు ఈ సస్పెన్షన్ కావాలా? హైదరాబాద్ షెడ్లలో పాత జిప్సీ ముందు నిలబడి, “అన్నా, కమాన్ పట్టీలు ఇరుసు మీదికి ఎక్కిస్తే సాలు, బండి యాడికైనా పోతది” అని చెప్పే మేస్త్రీలుంటారు. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి నాలుగు వైపులా కమాన్ పట్టీలే, అవి ఇరుసు కింద ఉంటాయి. వాటిని పైకి మార్చితే బండి లేస్తుంది, పెద్ద టైర్లు పడతాయి. కానీ ఇంజిన్ లాగినప్పుడు ఇరుసు మెలితిరగడం పెరుగుతుంది, స్టీరింగ్ కడ్డీ కోణం చెడి బంప్ స్టీర్ వస్తుంది, బరువు ఎత్తుకు పోయి బండి తేలిగ్గా పల్టీ కొడుతుంది. బండరాళ్లు, బురద, వాగులు ఉన్న మన బాటల్లో నడక నెమ్మది. అక్కడ కావాల్సింది ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి పోయినా నాలుగూ నేలను వదలకుండా ఉండటం. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో దూకుళ్లను మింగే ఖరీదైన షాకులతో అక్కడ పనిలేదు. 2020లో వచ్చిన కొత్త మహీంద్రా థార్ వెనక కమాన్ పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులతో మల్టీలింక్ వచ్చింది. కంపెనీ చేసిన ఆ అమరికే మనలో చాలామందికి చాలా దూరం చాలు. బాహా వీడియోలు చూసి బండిని కోయకముందు, నేను వెళ్లే బాట ఏది అని ఎవరికి వారు ప్రశ్నించుకోవడం చవకైన ఇంజినీరింగ్.

గీత ఎక్కడ గీయాలి

అన్నీ చూశాక నేను చేరిన తీర్పు ఇది. ఇంట్లో చేయాలా వద్దా అని మొత్తం బండిని ఒకే ప్రశ్నగా అడగకూడదు. ఒక్కో భాగాన్ని పట్టుకుని అడగాలి: ఇది పాడైతే నాకు ముందుగా చెబుతుందా, చెప్పకుండా తెగుతుందా?

ముందుగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. వెనక కమాన్ పట్టీల కట్టలో ఒక ఆకు విరిగితే బండి ఒక పక్కకు వాలుతుంది. షాక్ మౌంట్ చీలడం మొదలైతే చప్పుడొస్తుంది. బంప్ స్టాప్ బ్రాకెట్ వంగితే కంటికి కనిపిస్తుంది, లిమిట్ స్ట్రాప్ అరిగితే పోగులు తేలతాయి. వీటిని ఇంట్లో చేసుకోవడంలో తప్పు లేదు. నేర్చుకునేవాడికి ఇవే సరైన బడి. ట్రావెల్ కొలవడం, షాక్ చోటు లెక్కగట్టడం, బంప్ స్టీర్ సరిచూడటం ఇంట్లో చేయాల్సినవే, కిట్ కొన్నవాడు సైతం.

చెప్పకుండా తెగేవి వేరే ఉన్నాయి. చక్రం తిరిగే స్పిండిల్, దాన్ని పట్టే నకిల్, స్టీరింగ్ కడ్డీలు, ముందు ఆర్మ్ లేదా బీమ్, ఛాసిస్ మీద దాన్ని పట్టే బ్రాకెట్. వీటిలో ఏది తెగినా చక్రం చేతిలో ఉండదు. వీటిని కొనాలి, లేదా అర్హత ఉన్న వెల్డర్‌తో చేయించి పరీక్షించాలి. సొంతంగానే చేస్తానన్న పట్టుదల ఉంటే అదే మందం, అదే లోహం ముక్కలను ముందు వెల్డ్ చేసి, రంపంతో అడ్డంగా కోసి, నునుపు చేసి లోపలి అతుకు చూడాలి. బెంచి వైసులో బిగించి విరిగేదాకా వంచాలి. ఆ ముక్క వెల్డు దగ్గర కాకుండా పక్కన వంగేదాకా చెయ్యి బండి మీద పడకూడదు. అప్పుడు కూడా ఆ బండి మూసిన బాటల మీదే తిరగాలి, ప్రతి ప్రయాణం తర్వాత దాన్ని కడిగి పగుళ్లు వెతకాలి. ఆ ఓపిక లేనివాడు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఈ గీత రెండు పక్షాలనూ పూర్తిగా సంతోషపెట్టదని తెలుసు. రేంజర్ బీమ్ కోసి తిప్పి ఏళ్ల తరబడి చక్కగా నడుపుకుంటున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పని చూస్తే చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది. కానీ నిలిచిన బండ్లే కథలుగా మన దాకా వస్తాయి, తెగినవాటి కథ చాలాసార్లు చెప్పేవాళ్లుండరు. అలాగే, భయంతో చేతులు ముడుచుకుని అన్నీ కొనుక్కునే తరానికి మాంక్స్ లాంటి బండి కలలోకి కూడా రాదు. చేతిపని బతకాలని మనసారా కోరుకునేవాడే దానికి హద్దు కట్టాలి. ఒక్కో చేతిపనివాడి నిర్లక్ష్యంతో ఒక్కో ప్రాణం పోతూ ఉంటే, చట్టం చివరికి జాకీ పెట్టి అంగుళం అంగుళం కొలిచిన మనిషినీ ఆపుతుంది. కొలత ఇంట్లో నేర్చుకుందాం. ఆ కొలత తప్పితే ప్రాణం తీసే భాగాన్ని మాత్రం, మనకన్నా ఎక్కువసార్లు దాన్ని విరగ్గొట్టి చూసినవాడి దగ్గర కొందాం.